అమ్మవారి కళ్లు తెరిచే పూట భ్రమరాంబిక ఫోను

ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే సుబ్బరాయుడు అమ్మవారి విగ్రహమంతా పూర్తిచేసి, కళ్లు మాత్రం తెరవకుండా ఆపాడు. నంద్యాలలో కొత్త గుడి దగ్గర హోమం ముగియగానే పూజారి ఫోను చేస్తాడు. ఆ కబురు అందాక, వర్జ్యం రాకముందే, ఇక్కడ కళ్లకు ఉలి పెట్టాలి. వాళ్లింటి పద్ధతి అది. సాయంత్రానికి గుడివాళ్లు పంపే బండిలో విగ్రహం నంద్యాల చేరాలి. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆయన షెడ్డులో తెర వెనక కూర్చున్నాడు. ఆ పూట ఫోను తాకడు. కాబట్టి ఫోను కాపలా భార్య భ్రమరాంబికది.

గడప మీద కూర్చున్న ఆమెకు కాలూ చెయ్యీ ఆడలేదు. కాస్త కుదురు కోసం ఫోనులో రోజూ ఆడే పండ్లాట తెరిచింది. ఒకే రంగు పండ్లు కలిపితే టప్పున పగులుతాయి. మనసు నిలబడేలోగా ప్రకటన వచ్చి పడుతుంది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత. వేలు పక్కన పడిందా, అక్కర్లేనిదేదో ఫోనులోకి దిగుతుంది.

ఎదురింటి శివమ్మ బియ్యం చెరుగుతూ నవ్వింది. "ఏమక్కా, అమ్మోరు కండ్లు తెరిసే పూట నువ్వు పండ్లు పగలగొడ్తాండావే!"

"నీకేం మే, ఎన్నైనా చెప్తావు. ఈడ గుండె దడదడ కొట్టుకుంటాంది."

అంతలో గంట మోగింది. భ్రమరాంబిక గబుక్కున పచ్చ గుండ్రం నొక్కింది. "మీ అదృష్టం తలుపు తట్టింది!" అంది ఎవరో ఆడగొంతు. ఫోను వచ్చినట్టే గంట, పచ్చ గుండ్రం, ఎర్ర గుండ్రం పెట్టిన ప్రకటన అది. కాసేపటికి మళ్లీ అదే గంట, అదే గొంతు.

"దీని నోట్లో మన్ను బడ!" అని ఆట మూసేసింది.

మళ్లీ మోగింది. పేరు లేదు, ఉత్త నంబరు. ఇదీ ఆ ప్రకటనే అనుకుని కసిగా ఎర్ర గుండ్రం నొక్కింది. ఇంకోసారి మోగితే ఇంకోసారి నొక్కింది. ఆ తర్వాత ఫోను నోరు మెదపలేదు.

"ఫోను వచ్చిందా మే?" తెర వెనకనుంచి సుబ్బరాయుడు.

"రాలేదు. వస్తే చెప్పనా?"

ఎండ గడప దాటింది. శివమ్మ చాట కింద పెట్టింది. "అక్కా, ఆ కట్ చేసిన నంబరు ఎవురిదో సూసినావా?"

భ్రమరాంబిక వచ్చిన కాల్స్ తెరిచి చూసింది. ప్రకటనలు అందులో లేవు. ఆ నంబరు ఉంది. దానికి తిరిగి చేసింది.

"ఏందమ్మా, చేస్తాంటే కట్ చేస్తాండావు!" పూజారి గొంతు. "నా ఫోను చార్జింగ్ అయిపాయ, డ్రైవరు ఫోన్తో చేసినా. ఈడ హోమం ఎప్పుడో అయిపాయ. బేగా ఉలి పెట్టించు!"

షెడ్డులోకి పరుగెత్తింది. సుబ్బరాయుడు ఉలి అందుకుని, గోడ గడియారం చూసి ఆగిపోయాడు.

"వర్జ్యం వచ్చేలోగా ఒక కన్నే అయితాది. రెండోది మూసిపెట్టి పంపుతానా? రేపు మంచి టైము సూసుకోవాల్సిందే." ఉలిని గుడ్డలో చుట్టాడు. "ఇంత ఆలస్యం ఎందుకాయ?"

సిగ్నల్ లేదని చెప్పబోయి, అబద్ధానికి నోరు రాక ఉన్నదంతా చెప్పేసింది. ఆయన తిట్టలేదు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది.

"ఆళ్లకు నువ్వే చెప్పుకో," అన్నాడు.

మళ్లీ ఫోను కలిపింది. అటువైపు మేళం, జనం అరుపులు.

"సామీ, కండ్లు తెరవలేదు. ఈ పొద్దు బండి పంపొద్దండి. తప్పు మా ఆయనది గాదు. నేను ఆటలో పడి మీ ఫోను కట్ చేసినా."

"ఏమంటివి? మేళంలో ఇనపడ్లా, గట్టిగా చెప్పమ్మా!"

శివమ్మ వింటోంది. వీధంతా వినేలా భ్రమరాంబిక మళ్లీ మొదటినుంచి చెప్పింది.