కాళ్లెత్తమ్మ ఊడ్చిన తీరం

మూడంతస్తుల ఆ ఆఫీసులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. అందరికీ ఆమె కాళ్లెత్తమ్మ. పొద్దున్నే చీపురుతో గదిలోకి అడుగుపెట్టి "కాళ్లెత్తండి" అనేది. గుమాస్తాకైనా పెద్ద ఆఫీసరుకైనా అదే మాట, అదే గొంతు. ఒకసారి తనిఖీకి వచ్చిన పై అధికారి ఫైలు చదువుతూనే రెండు కాళ్లూ పైకి లేపాడట. ఆమె పక్క గదికి వెళ్లిపోయాక కూడా దించడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడట.

ఇరవయ్యారేళ్లుగా నేల వంకే చూడటం వల్ల ఆమెకు మనుషుల ముఖాల కంటే వాళ్ల కుర్చీల కింది భాగం బాగా తెలుసు. చాటుగా వేరుశనగలు తినేదెవరో, ఎవరి బూటు మడమ ఓ పక్కకి అరిగిందో చూడగానే చెప్పేసేది.

ఆ ఏడు ఆఫీసుకు రంగులు వేస్తామని పది రోజులు మూసేశారు. ఆమె భర్త ఇంట్లోనే మిషను పెట్టుకున్న దర్జీ. రెండు రోజులకే ఆయనకు చుక్కలు కనిపించాయి. గంటకోసారి కాళ్లెత్తమంటే మిషను తొక్కేదెలా? మూడో రోజు పొద్దున, నీ తమ్ముడు ఎన్నేళ్లుగానో రమ్మంటున్నాడు కదా, వెళ్లి సముద్రం చూసి రాకూడదా అని ఎంతో ప్రేమగా అడిగాడు. సంచీ కూడా తనే సర్దాడు. చీపురు మాత్రం ఆమే పాత పేపర్లో చుట్టి పెట్టుకుంది.

తమ్ముడు వంటవాడు. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరంలో, వాటిని లెక్కపెట్టే ఆఫీసరుకు వండిపెడతాడు. బస్సు దిగాక పడవ, పడవ దిగాక గంటన్నర నడక. కరెంటు లేదు, కొట్టు లేదు, మనిషి అలికిడి లేదు. రెండు డేరాలు, ఒక పొయ్యి, అంతే. ఆమె సాయంత్రానికి చేరి, ఒళ్లు హూనమై, ఇంత తిని పడుకుంది.

అలవాటు కొద్దీ తెల్లవారక ముందే మెలకువ వచ్చింది. వెలుగు పరుచుకుంటుండగా బయటికి వచ్చి ముక్కున వేలేసుకుంది. నీళ్ల అంచు నుంచి ఇసుక దిబ్బల దాకా ఎవరో ట్రాక్టర్లు తోలినట్టు చాళ్లు, గుంటలు, కుప్పలు. అక్క వస్తోందని తెలిసి కూడా వాకిలి ఇలా పెట్టుకున్నాడే అని తమ్ముణ్ణి మనసులోనే నాలుగు తిట్టి, చీపురు విప్పింది.

ఆఫీసరు నోటుపుస్తకంతో బయటికి వచ్చేసరికి డేరాల ముందు నుంచి రాళ్ల గుట్ట దాకా ఇసుక ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. ఆయన కళ్లు నులుముకున్నాడు. ఎనిమిదేళ్లలో, గుడ్లు పెట్టే కాలంలో ఒక్క తాబేలూ రాని రాత్రి లేదు. సముద్రానికేమైనా అయిందా అని అటు చూశాడు. తర్వాత చీపురు గీతలు కనిపించాయి. ఆ గీతల చివర నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ కాళ్లెత్తమ్మ కనిపించింది.

"అక్కా, కొంప ముంచావు," అన్నాడు తమ్ముడు నీరసంగా.

తాబేలు వచ్చిందని తెలిసేది ఆ జాడతోనేనట. దాన్ని పట్టుకుని వెళ్లి, గుడ్లున్న చోట కర్ర గుచ్చి కాపాడతారట. జాడ పోతే ఆ గుడ్లు కుక్కల పాలేనట.  ఆమె చీపురు వంక చూసి, ఆఫీసరును అడిగింది.

"ఎన్నొచ్చాయో కావాలా బాబూ, ఎక్కడ తవ్వాయో కావాలా?"

"రెండూ కావాలమ్మా."

"పది వచ్చాయి. రెండు ఊరికే వచ్చి తిరిగిపోయాయి. గుంటలు తొమ్మిది."

లెక్క కుదరడం లేదని ఆయన అంటే, లెక్క సంగతి మీరు చూసుకోండి, గుంటలు మాత్రం తొమ్మిదే అని ముందు నడిచింది. ఇక్కడ ఎక్కినది వెనక కుడికాలు ఈడుస్తుంది. ఇది బద్ధకపుది, దిబ్బ దాకా పోకుండా సగంలోనే తవ్వింది. ఇది రెండుసార్లు మనసు మార్చుకుంది. ఆమె చూపిన చోటల్లా ఆయన మోచేతి దాకా చెయ్యి పెట్టి మెల్లగా తడిమాడు. ఎనిమిది చోట్ల మెత్తటి తెల్ల గుడ్లు తగిలాయి. తొమ్మిదో చోట పెంకులు దొరికాయి. ఆయన ముందు కంగారుపడి, తర్వాత అవి నిన్న తాను తిన్న ఆమ్లెట్టువని గుర్తుపట్టాడు. తమ్ముడు చెత్త పాతిపెట్టే గుంట అది.

నిజానికి లెక్క రాసుకున్నాక జాడలు చెరిపేయాలట, లేకపోతే మర్నాడు మళ్లీ లెక్కలోకి వస్తాయట. ఎనిమిదేళ్లుగా ఆ పనితో ఆయన నడుం విరుగుతోంది. రెండో పని మొదట చేశారు, అంతేనమ్మా అని నవ్వేశాడు. మర్నాటి నుంచి ఆయన రాయడం, వెనకే ఆమె ఊడ్చడం. పని త్వరగా తెమిలేది కానీ, ఊడ్చిన చోట మళ్లీ అడుగు పెట్టాడని ఆయనకు రోజూ చీవాట్లు తప్పలేదు.

బయల్దేరే రోజు పొద్దున ఒక తాబేలు ఆలస్యమై ఇంకా ఇసుకలోనే ఉంది. ఇన్నాళ్లూ జాడలే తప్ప మనిషిని చూడలేదామె. ఆమె మాట అదే, మనిషి. దూరంగా చతికిలబడింది. అది నాలుగు కాళ్లతో ఇసుక విసిరి గుడ్లు కప్పుతోంది. ఒక పక్కనే ఎక్కువ పోస్తోందని లేవబోతే ఆఫీసరు చేత్తో వారించాడు. దాని కళ్లు కారుతున్నాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా పోతుందని ఆయన గుసగుసగా చెప్పాడు.

"ఉప్పు కాదు బాబూ, నడుం నొప్పి," అంది ఆమె.

అది ఆగి, మళ్లీ కదిలి, ఆగి, చివరికి నీళ్లు అందుకుంది. ఒక అల వచ్చి తీసుకుపోయింది. ఆఫీసరు రాసుకుని, ఆమె ఊడుస్తుందని పక్కకి తప్పుకున్నాడు. ఆమె లేవలేదు.

"దీన్ని ఉండనివ్వండి."

"రేపు మళ్లీ లెక్కలోకి వస్తుందమ్మా."

"ఒక్కటేగా. ఆ మాత్రం గుర్తుంచుకోలేరా?"

ఆయన తల ఊపాడు. మధ్యాహ్నం ఆమెను పడవ ఎక్కించడానికి బయల్దేరినప్పుడు, తమ్ముడితో కలిపి ముగ్గురూ ఆ జాడ తొక్కకుండా, ఎండలో చుట్టు తిరిగి నడిచారు.