ఊపిరాయన

డబ్బింగ్ స్టూడియోలో ఆయన్ని అందరూ ఊపిరాయన అనే పిలుస్తారు. తెర మీద హీరో పరిగెత్తినా, నీళ్లలో మునిగినా, వెక్కివెక్కి ఏడ్చినా ఆ రొప్పు ఈయనదే. ముప్పై ఏళ్లుగా అగ్గిపెట్టంత గదిలో మైకు ముందు నిలబడి ఎవరెవరి బొమ్మలకో ప్రాణం పోస్తున్నాడు. తెర మీద ఆయన పేరు మాత్రం ఏనాడూ పడలేదు. పోనీలెండి, ఊపిరి ఎవరిదని ఏ ప్రేక్షకుడు అడిగాడు గనక?

ఈసారి సినిమా వేరే గ్రహం మీద కాపురాలు పెట్టిన జనం గురించి. అక్కడ గాలి దొరకదని అందరూ ఊపిరితిత్తులు తీయించుకుని యంత్రాలు పెట్టించుకుంటారు. ఒక్క ముసలివాడు ససేమిరా అంటాడు. సిలిండర్ గాలితోనే బతుకు ఈడుస్తాడు. ఆ ముసలివాడి ఊపిరి ఈయన పలికించాలి.

నెల నుంచి ఆయన ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు వెంటనే ఆస్పత్రిలో చేరమన్నాడు. దర్శకుడికేమో ఆ కూత తెగ నచ్చేసింది. పాత్ర రోజురోజుకీ పండుతోందని పొంగిపోయాడు. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, మన ఊపిరాయనకు ఒళ్లు తెలియదు. ఆస్పత్రి సంగతి సినిమా అయ్యాక చూద్దామన్నాడు. తనకూ ఒక యంత్రం బిగిస్తే పీడా పోతుందని ఇంట్లో నవ్వాడు గానీ, భార్య నవ్వలేదు. ఆవిడ తమ్ముడే స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. అక్క పోరు పడలేక అతనే మాటిచ్చాడు. "బావకి ఏమాత్రం తేడా కనిపించినా నేనే ఆపేస్తానక్కా."

ఆ రోజు ముసలివాడు చనిపోయే ఘట్టం. శబ్దం పడకుండా ఏసీ ఆపి, తలుపు బిగించారు. రికార్డింగ్ ఎర్రదీపం వెలిగాక ఆ తలుపు తీసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. మూడో నిమిషంలో ఆయనకు నిజంగానే గాలి అందలేదు. ఎంత లాగినా లోపలికి రావడం లేదు. చచ్చేంత భయం వేసింది. బావమరిది కూర్చున్న గది అద్దం వైపు తిరిగి రెండు చేతులూ ఆడించాడు.

ఒళ్లంతా ఊగిపోతే గానీ ఆయనకు ఊపిరి పలకదు. అది బావమరిది ఇరవై ఏళ్లుగా చూస్తున్నదే. అద్దం అవతల అతను కళ్లు తుడుచుకుంటూ బొటనవేలు పైకెత్తాడు.

ఊపిరాయన మోకాళ్ల మీద కూలిపోయాడు. హెడ్‌ఫోన్లో బావమరిది గొంతు మెల్లగా వినిపించింది.

"అలాగే బావా, అలాగే. ఇంకొక్క నిమిషం."