కొండయ్య అరగనివ్వని కారు

మా పక్కింటి కొండయ్య సుబ్బరాజుగారి దగ్గర డ్రైవరుగా చేరింది తొంభై రెండులో. కారు కొన్న ఏడాదే రాజుగారు అరుగు మీద కూర్చుని నలుగురి ముందూ అన్నారు, "బాగా చూసుకోరా కొండయ్యా, ఇది పాతబడ్డాక నీకే ఇచ్చేస్తాను" అని. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను.

ఆ మాట పట్టుకుని పన్నెండేళ్లు తోలాడు. ఒకసారి రాజుగారి భార్యకు తోడుగా నర్సాపురం కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాను. ముందు సీట్లో కూర్చుంటే నాకు అడగందే తోచదు.

"ఎడంకాలు పక్కన పెట్టేసేవేంటి, నెప్పా?"

"కాదండి పిన్నిగారూ. ఊరికే క్లచ్చి మీద ఉంచితే ప్లేట్లు అరిగిపోతాయండి. గేరు మార్చేటప్పుడే తొక్కాలండి."

"ఇప్పుడేగా కదిలేం, అప్పుడే పైగేరా?"

"ఇంజను అరవకముందే వేసేయాలండి. డీజిలు కలిసొస్తాదండి."

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం బళ్లు బారుగా నిలబడ్డాయి. ఇంజను ఆపేశాడు. ముందు బండి జరిగినప్పుడల్లా దిగి, ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, భుజంతో కారును తోశాడు.

"మావారు కూడా ఇంత పీనాసి కాదు కొండయ్యా" అని రాజుగారి భార్య నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఎవరి కారనుకుని తోస్తున్నాడో నాకు తెలుసు. రాజోలు సెంటర్లో అద్దెకు తిప్పుకోవచ్చని అతని భార్య నాగమణి ఎంత ఆశ పెట్టుకుందంటే, వేరేచోట ఎక్కువ జీతమిస్తామన్నా వెళ్లనివ్వలేదు.

రెండువేల నాలుగులో రాజుగారు కొత్త కారు కొన్నారు. దాన్ని చూడ్డానికి భీమవరం నుంచి వాళ్ల బావగారొచ్చారు. పాత కారు తుడుస్తున్న కొండయ్యను చూసి, "ఇదింకా నడుస్తోందా?" అన్నారు.

"నడవడమేంటండీ. ఇన్నేళ్లలో క్లచ్చి ప్లేట్లు ఒక్కసారే మార్చేమండి. ఇంజను విప్పనేలేదండి. కొత్తలో ఎంత తాగేదో ఇప్పుడూ అంతే తాగుతాదండి" అంటూ బానెట్టెత్తి, స్టార్టు చేసి వినిపించాడు.

నేను వాకిట్లోనే ఉన్నాను. రెండుసార్లు దగ్గాను. అతని చెవికెక్కలేదు.

వారం తిరక్కుండా ఆ పాత కారు బావగారికి అమ్ముడై భీమవరం వెళ్లిపోయింది. తోలుకెళ్లి అప్పజెప్పిందీ కొండయ్యే.

నేను ఊరుకోలేక వెళ్లి అడిగాను. "మాటిచ్చేరు కదండీ."

"పనికిరాకపోతే ఇచ్చేద్దామనే అనుకున్నానండి బుచ్చమ్మగారూ" అన్నారు రాజుగారు, పేపర్లోంచి తలెత్తకుండానే. "అది ఇంకో పదేళ్లు నడుస్తాది. ఊరికే ఎలా ఇచ్చేస్తామండి?"

గోడవతల నాగమణి మూడు రోజులు ఏడ్చింది. "నోరు మూసుకుంటే ఏం పోయేది నీకు?"

"బాగున్న బండిని బాగాలేదని ఎలా చెప్పనే?"

నాలుగో రోజు కొత్త కారు తీయాలని రాజుగారు కబురంపారు. కొండయ్య చొక్కా తొడుక్కుంటూనే, "ఆయ్, వచ్చేస్తన్నానని చెప్పండి" అన్నాడు. రాజుగారి మీద కన్నా ఆ పూట నాకు అతని మీదే ఎక్కువ కోపం వచ్చింది.