నాన్న కారులోంచి అమ్మ తీసేసిన ముక్క

మా చిన్నప్పుడు నాన్న కారు స్టార్ట్ కాకపోతే వీధిలో వాళ్ళంతా వచ్చి తోసేవారు... ఆ రోజు పొద్దున మాత్రం ఒక్కరూ గుమ్మం దిగలేదు. నాన్న చేతిలో జాకీ రాడ్డు ఉంది.

నరసన్నపేట దగ్గర మా ఊరు. నాన్నది పాత పెట్రోలు అంబాసిడర్... ఆమదాలవలస స్టేషన్ బయట టాక్సీ నడిపేవాడు. ముందురోజు సాయంత్రం, తన వంతు బేరం ఎందుకు లాక్కున్నావని నాన్న అడిగినందుకు, రైలు దిగిన జనం చూస్తుండగా ఇంకో డ్రైవరు నాన్నను చెప్పుతో కొట్టాడు. కనుబొమ చీలి, చొక్కా నిండా రక్తంతో ఇంటికొచ్చాడు నాన్న. అన్నం ముట్టలేదు. తెల్లారగానే వెళ్ళి వాడి తల పగలగొడతానన్నాడు.

ఊరికే అనే మనిషి కాదు... అంతకు ముందోసారి ఒకడి చెయ్యి విరిచేశాడు.

సెల్ఫ్ తిరుగుతోంది... ఇంజను అందుకోవడం లేదు. చోక్ లాగాడు. మళ్ళీ తిప్పాడు. బానెట్ ఎత్తి, పంపు దగ్గర గొట్టం పీకాడు... పెట్రోలు చిమ్మింది. తప్పు అక్కడ లేదు. రాడ్డు తిప్పి ముందు లైటును ఒక్కటి కొట్టాడు. గాజు ముక్కలు వచ్చి నా కాళ్ళ దగ్గర పడ్డాయి.

"గుంటా, ఎక్కి తాళం తిప్పు" అన్నాడు నాతో.

అప్పుడు నాది ఐదో తరగతి. మా ఇంట్లో బడిమెట్టు ఎక్కిన మొదటిదాన్ని నేనే. సీటు అంచున కూర్చుని తిప్పాను. నాన్న ప్లగ్గు వైరు పీకి ఇంజనుకు దగ్గరగా పట్టాడు... నిప్పురవ్వ లేదు. కాయిల్ నుంచి వచ్చే వైరు పట్టాడు... నీలం రవ్వ టప్పుమంది. కరెంటు కాయిల్ దాకా వస్తోంది, ప్లగ్గులకు చేరడం లేదు. ఆ రెంటికీ మధ్య ఉన్నది డిస్ట్రిబ్యూటర్ ఒక్కటే.

దాని మూత కింద ఏం లేదో నాకు తెలుసు... తెల్లవారుజామున అమ్మ ఆ మూత విప్పడం చూశాను. లోపల రోటర్ అని బొటనవేలంత నల్ల ముక్క ఉంటుంది. ఓసారి రామతీర్థం వెళ్ళినప్పుడు నాన్నే దాన్ని తీసి అమ్మ చేతిలో పెట్టి, ఇది లేకపోతే దొంగ కూడా బండి కదపలేడని నవ్వాడు.

నాన్న క్లిప్పులు ఊడదీసి మూత ఎత్తాడు. రోటర్ ఉండాల్సిన చోట వేలు పెట్టి చూశాడు.

"ఎవులు తీసినారు?"

అమ్మ గుమ్మం దిగి వచ్చింది. "నానే తీసినాను బావా. పొయ్యిలో పడీసినాను."

డిక్కీలో ఉన్న పాత ఫ్యాన్ బెల్టుతో మొదలుపెట్టాడు నాన్న... వీపు మీద, మెడ మీద. అమ్మ పరిగెత్తలేదు. నేను వెళ్ళి కాళ్ళకు చుట్టుకుంటే ఒక్క తన్ను తన్నాడు. చక్రానికి కొట్టుకున్నాను... పన్ను ఊడి నోరంతా ఉప్పగా అయింది. బెల్టు చాలక రాడ్డు అందుకున్నాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది... ఎండిన కందికట్టె విరిగినట్టు.

అప్పుడు అంది అమ్మ, గొంతు పెంచకుండా...

"కొట్టు. నన్ను కొడితే రేత్రికి ఇంటికాడుంటావు. ఆడ్ని కొడితే జైల్లో ఉంటావు. ఈ గుంట బడి మానేసి కూలికెల్తాది."

రాడ్డు కింద పడింది. పారేశాడో, జారిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కారు కదలదు కాబట్టి, కట్టు కట్టించడానికి అమ్మను ఆమదాలవలస ఆసుపత్రికి బస్సులోనే తీసుకెళ్ళాడు. ఆ బస్సు స్టేషన్ ముందు నుంచే వెళ్ళిందట... టాక్సీలన్నీ అక్కడే ఉన్నాయట. నాన్న తల ఎత్తలేదని అమ్మ తర్వాత చెప్పింది.

అమ్మ దెబ్బలు తిని ఇల్లు నిలబెట్టిందని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు... జడ వేయమని నన్నే పిలుస్తుంది.

కొత్త రోటర్ వేశాక కారు ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ సాయంత్రం నాన్న ఆ ముక్కను తనే ఊడదీసి అమ్మకు ఇచ్చాడు. అప్పటి నుంచి రోజూ అంతే. పొద్దున్నే అమ్మ ముందు నాన్న ముఖం చూసేది... ఆ తర్వాతే రోటర్ దాచిన కొంగు ముడి విప్పేది. కొన్ని పొద్దుల్లో విప్పేది కాదు. నాన్న అడిగేవాడూ కాదు... టీ తాగి అరుగు మీద కూర్చునేవాడు.

ఆ కారు ఎప్పుడో పాత ఇనుముకు వెళ్ళిపోయింది. ఇప్పటి బండ్లలో ఆ ముక్కే ఉండదట... బటన్ నొక్కితే చాలు, మనిషి ఎంత కోపంలో ఉన్నా తీసుకుపోతుంది.

మీ ఇళ్ళల్లో ఎవరు ఎవరిని ఎలా ఆపేవారు? చెప్పండి... ఆపలేకపోయిన రోజైనా సరే.