లాన్‌లో మంద కట్టించిన వేసవి

ఉదయం అయిదూ నలభైకి స్ప్రింక్లర్లు తెరుచుకున్నాయి. రోజూ తెరుచుకునే వేళే అది. గడ్డిలో దాగి ఉన్న చిన్న గొట్టాలు పైకి లేచి, గుండ్రంగా తిరుగుతూ కాసేపు నీళ్లు చల్లి, మళ్లీ లోపలికి పోయేవి. ఆ వేళప్పుడు అక్కడ ఎవరూ ఉండరు కాబట్టి చూసినవాళ్లు తక్కువ. ఆ సోమవారం మాత్రం నీళ్లు గడ్డి మీద పడలేదు. గడ్డి మీద గొర్రెలు పడుకొని ఉన్నాయి.

ఆ రోజుల్లో నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు మీద ఏ కంపెనీ ఆఫీసు కట్టినా ముందు కొంత లాన్ పరిచేవాళ్లు. లోపల అమ్మేది రొయ్యల మేత అయినా సరే, బయట గడ్డి పచ్చగా ఉంటే కంపెనీ బాగున్నట్టు లెక్క. నేను తోటపనిలో డిప్లొమా చేసి అలాంటి ఒక ఆఫీసులో సూపర్‌వైజర్‌గా కొత్తగా చేరాను. లాన్ కాంట్రాక్టు మా మేనమామది. ఆ ఉద్యోగం నాకు ఇప్పించిందీ ఆయనే. (అంటే నన్ను పెంచిన మనిషి పనిని నేను తనిఖీ చెయ్యాలి. ఇది మా ఇద్దరిలో ఎవరికీ వింతగా తోచలేదు.) మామ అంతకుముందు పొలం కౌలుకు తీసుకొని వరి వేసేవాడు. చుట్టూ రొయ్యల గుంటలు వచ్చి నేల ఉప్పెక్కాక మానేశాడు. తర్వాత ఆ రొయ్యలకు మేత అమ్మే ఆఫీసులోనే గడ్డి పెంచడానికి కుదిరాడు. లాన్‌ను మాత్రం చివరిదాకా మడి అనే పిలిచాడు. ఆ ఆఫీసులో వాచ్‌మన్ మొదలు మేనేజరు దాకా అందరూ ఆయనను కాంట్రాక్టరుగారు అనేవాళ్లు. పొలంలో ఉన్నన్నాళ్లూ ఆయనను గారు అని పిలిచినవాళ్లు లేరు. కాంట్రాక్టు పోతే ఆ పిలుపు కూడా పోతుందని ఆయన భయం. నాతో చెప్పలేదు. అత్తతో చెప్పాడు, అత్త నాతో చెప్పింది.

ఆ ఏడు రోహిణి కార్తె దాటినా ఎండ తగ్గలేదు. బోరు నీళ్లు ఉప్పగా మారి లాన్ గోధుమరంగుకు తిరిగింది. చెన్నై నుంచి పెద్దసారు సోమవారం వస్తున్నాడని, కాంట్రాక్టు ఉంచాలో తీసెయ్యాలో లాన్ చూసి చెప్తాడని మేనేజరు కబురు చేశాడు. వేసవి చివర గడ్డికి ఎరువు వెయ్యాలంటే చల్లబడ్డాక, తడి ఇచ్చి, పలచగా వెయ్యాలని నేను చదువుకున్నాను. ఎక్కువైతే మాడిపోతుంది. నేను రాసిచ్చిన ఎరువు నెల్లూరు అంగళ్లలో దొరకలేదు. తెప్పిస్తామన్నారు.

"ఆ మూటలొచ్చేదాకా మడి ఆగతాదా పాపా? మంద కట్టిద్దాం," అన్నాడు మామ.

మంద కట్టించడమంటే మా వైపు అందరికీ తెలిసిన పనే. కోతలైన పొలంలో రాత్రంతా గొర్రెలను ఆపుతారు. తెల్లారేసరికి పెంట, మూత్రం నేలకు చేరి ఉంటాయి. మంద పక్క పొలానికి పోతుంది. వేసవిలో మెట్ట నుంచి మందలు మేపుకుంటూ మా దిక్కుకు వచ్చేవి, రైతులు వంతులు వేసుకొని పిలిచేవాళ్లు.

"ఇది ఆఫీసు మామా."

"ఆఫీసైతే? కింద ఉండేది నేల కాదా?"

"ఉన్న గడ్డి కూడా తినేస్తాయి."

"తిననీ. కోత కూడా కలిసొస్తాది. గడ్డి కోసే మిషను ఎట్టాగూ పాడయిపోయి ఉండాది."

"ఒక్క రాత్రికే పచ్చబడుతుందా?"

"పచ్చబడకపోతే ఏంది? ఎరువేసినామని వాసనకైనా తెలస్తాది గదా సారుకి."

కుదరదని గట్టిగానే చెప్పి ఇంటికి వచ్చాను. నాకు తెలియకుండా చెయ్యమన్నానని ఆయన అర్థం చేసుకున్నాడు. ఆదివారం సాయంకాలం చర్చిలో ఆరాధన అయ్యాక గొర్రెల కాపరిని పిలిచాడు. వాచ్‌మన్ మా సంఘంలో కుర్రాడు, మామ సంఘపెద్ద, కాబట్టి గేటు తెరుచుకుంది. ఆ రాత్రి మామ కూడా మంద దగ్గరే పడుకున్నాడు. మామ రోజూ పనికి వచ్చేది ఎండ ఎక్కాకే. అప్పటికి గడ్డి తడిగా ఉండేది. రాత్రి వాచ్‌మన్ తడుపుతున్నాడని ఆయన అనుకొనేవాడు. స్ప్రింక్లర్లకు టైమరు ఉందని ఆయనకు తెలియదు. గొర్రెలు ఉన్నాయని నాకు తెలియదు. రెండూ తెలిసిన వాచ్‌మన్ అప్పుడు నిద్రపోతున్నాడు.

తర్వాత ఫోన్ చేసింది అతనే. "అక్కా, ఒక తూరి రా అక్కా. గొర్రెలు రిసెప్షన్‌లో ఉండాయి."

నేను పోయేసరికి సంగతి తేటగానే కనిపిస్తోంది. నీళ్లు మీద పడగానే గొర్రెలు లేచి ఎటు పోవాలో తెలియక ఆఫీసు వైపు పరిగెత్తాయి. లోపల ఊడ్చే అక్క అప్పుడే కరెంటు వేసింది. అద్దం తలుపు ఎవరు దగ్గరికొస్తే వాళ్లకు తెరుచుకొనే రకం, గొర్రెలకు కూడా తెరుచుకుంది. ముందున్నది లోపలికి పోయింది. మిగతావి దాని వెనకే పోయాయి. బయటికి రావాలని తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా తలుపు కదిలేది, కదలగానే బెదిరి వెనక్కి పోయేవి. ఊడ్చే అక్క తడిబట్ట కర్ర పట్టుకొని సోఫా మీద నిలబడి ఉంది. బయట పొట్టేలొకటి నల్ల అద్దంలో తనను తాను చూసుకొని, వెనక్కి నడిచి, తల వంచి గుద్దుతోంది. అద్దం గట్టిది. పొట్టేలు కూడా గట్టిదే. పంచె తడిసి కాళ్లకు చుట్టుకుపోయిన మామ దాని కొమ్ములు పట్టుకొని, "నీదే లేరా నాయనా, అది నీ మొగమే," అని నచ్చజెప్తున్నాడు.

అంతలో పెద్దసారు వచ్చేశాడు. ఎండ తగలకుండా చెన్నైలో రాత్రి రైలే ఎక్కాడట. కారు దిగి, గొర్రెలను చూసి, మామను చూశాడు.

"ఏమిటివి?"

"ఎరువు సార్," అన్నాడు మామ.

"ఎరువా?"

"అవును సార్. మనం మోసి చల్లే పని లేదు. అదే వచ్చి, అదే పోతాది."

ఆయన అద్దంలోంచి లోపలి పాలరాతి నేలను చాలాసేపు చూశాడు. "లోపల కూడా వేయించారే!"

మామ వినయంగా చేతులు కట్టుకున్నాడు. "లోపల మాకు కాంట్రాక్టు లేదు సార్."

నేను తల దించుకొని గడ్డి వైపు చూశాను. ఈలోగా కాపరి అన్న గుమ్మం దగ్గర చెప్పులు విడిచి (అంత జరిగాక కూడా) లోపలికి వెళ్లి, ఒక గొర్రెను భుజాన వేసుకొని బయటికి వచ్చాడు. మిగతావి వెంట వచ్చేశాయి. పెద్దసారు నవ్వలేదు, కోప్పడలేదు. "వచ్చే నెల వస్తా. గడ్డి పచ్చగా ఉంటే ఉంచుతా, లేకపోతే లేదు," అన్నాడు.

గడ్డి పచ్చబడింది. గొర్రెలు పడుకున్న చోటల్లా ముదురు పచ్చగా, మధ్యలో లేతగా. మామ రోజూ మేడమెట్లు ఎక్కి చూసి దిగేవాడు. తర్వాత మొదటి వాన పడింది. దాంతో లాన్ నిండా రెండాకుల మొలకలు లేచాయి. నేను గుర్తుపట్టకముందే, సాయానికి వచ్చిన అత్త గుర్తుపట్టింది. చిల్లచెట్లు, అవే కంపతుమ్మలు. వేసవిలో మేత లేక గొర్రెలు వాటి కాయలు తింటాయి. గింజలు అరగవు. పొలంగట్ల మీద ఆ కంప నరుకుతూనే సగం వయసు గడిపినవాడు మా మామ.

"ఏమయ్యా, మడికి ఎరువేసినావా, కంచె నాటినావా?" అంది అత్త.

ముళ్లు ముదరకముందే తియ్యాలి. ముగ్గురం వరిలో కలుపు తీసినట్టు వరసగా వంగి, చేత్తో పెరికాం. పెద్దసారు మళ్లీ వచ్చింది ఆ పని మధ్యలోనే. లాన్ చుట్టూ ఒకసారి నడిచి, మామ దగ్గర ఆగి, "గడ్డి బాగుంది. ఇంకెప్పుడూ గొర్రెలు వద్దు, కాంట్రాక్టరుగారూ," అన్నాడు. ఆ మాట మామ చాలా ఏళ్లు చాలామందికి చెప్పాడు. గొర్రెల ముక్క తీసేసి చెప్పేవాడు.

మొన్న వేసవిలో మామ పోయాడు. సమాధి దగ్గర పాస్టరుగారు కాపరి గురించి, మంద గురించి నిదానంగా ప్రసంగం చేశారు. అత్త నా చెవి దగ్గరికి వంగి, "లోపల కాంట్రాక్టు లేదన్నాడు గదే," అంది. ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. మా భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నామనుకొని ఎవరో నీళ్లు తెచ్చి ఇచ్చారు. వాళ్లు అనుకున్నదీ తప్పు కాదు.

ఇప్పుడు నేను చాలా ఆఫీసుల తోటలు చూస్తున్నాను. వేసవి చివర చల్లబడ్డాక, తడి ఇచ్చి, పలచగా ఎరువు చల్లిస్తాను. చల్లించే ముందు స్ప్రింక్లర్ల టైమరు ఒకసారి చూసుకోవడం అలవాటైంది, గొర్రెలేవీ లేకపోయినా. ఆ పాత ఆఫీసు ముందు మాత్రం ప్లాస్టిక్ గడ్డి పరిచారు. దానికి ఎరువు అక్కర్లేదు. ఆ రోడ్డు మీద ఇప్పుడు ఎవరూ మంద కట్టించడం లేదు, పొలాల్లో కూడా.