సందు చుట్టి వచ్చిన ఎదురు

రత్నమాణిక్యం చదువు ఏడో తరగతితోనే ఆగింది. పెనుగొండలో బట్టల కొట్టువారి పెద్ద కోడలు. పెళ్లైన ఏడాదే భర్త నాగేశ్వరప్రసాద్ వెంట మస్కట్ వెళ్లి, ఇరవై ఏళ్లు అక్కడే కాపురం చేసింది. కూతురు తేజస్వి ఒకటో క్లాసు నుంచి పన్నెండు దాకా ఆ ఊళ్లోనే చదివింది. పిల్ల ఆఖరి పరీక్షలైన వారానికి ప్రసాద్ గుండె ఆగిపోయింది. తల్లీకూతుళ్లు రెండు పెట్టెలతో అత్తింటికి చేరారు.

ఆ ఇంట్లో భర్త పోయిన ఆడది ఆరు నెలలు గడప దాటకూడదు. మంచి పని మీద బయల్దేరేవాళ్లకి అసలే ఎదురు రాకూడదు. మూడో నెల నడుస్తోంది. రత్నమాణిక్యం వెనక గదిలోనే ఉంటోంది. అందుకని తేజస్వికి రాజమండ్రి కాలేజీలో బీఎస్సీ అప్లికేషన్ పెట్టడానికి మరిది చంద్రరావే కాగితాలు పట్టుకెళ్లాడు. మంచి మనసుతోనే వెళ్లాడు, పాపం. తండ్రి పేరు దగ్గర మాత్రం తన పేరు రాసేశాడు.

“ఇకమీదట నేనే కదా వదినా దానికి తండ్రిని!” అన్నాడు, కాలేజీవాళ్లు ఫారం తిప్పికొట్టాక. “సర్టిఫికెట్లన్నిట్లో అన్నయ్య పేరుందంట. నన్ను దొంగని చూసినట్టు చూశాడు ఆ గుమాస్తా. తల్లే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలంట. రేపే ఆఖరు.”

“అయితే వచ్చే ఏడు చూద్దాం. ఈలోగా కుట్టుమిషను నేర్చుకుంటుంది,” అంది అత్తగారు శ్యామలాంబ.

రత్నమాణిక్యం చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో పడేసింది.

“రేపు నేను వెళ్తానండీ అత్తయ్యగారూ.”

“మూడో నెలే మాణిక్యం!”

“నాకు తెలీదాండీ? రోజులు లెక్కపెట్టుకుంటున్నదాన్ని నేనే కదా.”

శ్యామలాంబ చాలాసేపు గొణిగింది. చివరికి, “పెరటి గుమ్మంలోంచి పో. పిల్లకి మాత్రం ఎదురుపడకు,” అంది.

పొద్దున్నే తేజస్వి ఫైలు పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడిపోయింది. “అమ్మ ఎదురు రాకపోతే నేను కదలను మామ్మా.”

పన్నెండేళ్లూ ఆ పిల్ల స్కూలు బస్సెక్కే ముందు చూసిన మొహం తల్లిదే. రత్నమాణిక్యం అత్తగారు చెప్పినట్టే పెరటి గుమ్మంలోంచి వెళ్లింది. సందు చుట్టి వచ్చి, వీధిలోంచి తిన్నగా కూతురికి ఎదురు నడిచింది.

“ఎంత తెగించావే!” అంది శ్యామలాంబ.

“తెగించాల్సొచ్చిందండీ.”

ఎదురింటి భీమరాజుగారు రొయ్యల చెరువుకి బయల్దేరుతూ అది చూశారు. స్కూటర్ ఆపేసి, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరదామని లోపలికి వెళ్లిపోయారు.

రావులపాలెంలో అరటి గెలల లారీలు అడ్డం పడి తల్లీకూతుళ్లెక్కిన బస్సు ముప్పావుగంట కదల్లేదు. కాలేజీకి చేరేసరికి గుమాస్తా భోజనానికి లేవబోతున్నాడు.

“మస్కట్‌లో చదివి ఇక్కడికేంటండీ? అక్కడెక్కడా సీటు రాలేదా?”

“ఇంటికొచ్చిన పిల్లని ఎందుకొచ్చావని అడుగుతారేంటండీ?”

అతను తగ్గి, మళ్లీ కూర్చున్నాడు. “నిన్న వచ్చినాయన తండ్రన్నాడు. ఆయన తండ్రా, బాబాయా?”

“బాబాయేనండి. ఆయనది ప్రేమ. దీని తండ్రి వేరే ఉన్నాడు.”

ఉన్నాడు అని నోటికొచ్చేసింది. దిద్దుకోలేదు. మరణ ధ్రువపత్రం తీసి బల్ల మీద పెట్టింది. కొత్త ఫారంలో భర్త పేరు తనే, గుండ్రటి అక్షరాలతో, ఒత్తి ఒత్తి రాసింది. కింద సంతకం పెట్టింది. గుమాస్తా స్టాంపు గుద్ది రసీదు ఇచ్చాడు.

“సోమవారం లిస్టు పెడతామండి. మార్కులు బాగున్నాయి, వచ్చేస్తుంది లెండి.”

సాయంత్రం వీధి మొదట్లోకి వచ్చేసరికి భీమరాజుగారు మళ్లీ ఎటో బయల్దేరుతున్నారు. ఆవిణ్ణి చూసి స్కూటర్ దిగబోయారు.

“దిగకండి రాజుగారూ, వెళ్లి రండి. పొద్దున నేను ఎదురొచ్చిన పిల్ల పని అయిందండి!”

ఆయన బిత్తరపోయి తాళంచెవి పట్టుకుని ఉండిపోయారు. రత్నమాణిక్యం పెరటి వైపు చూడనైనా లేదు. వీధి గుమ్మంలోంచే లోపలికి వెళ్లి చెప్పులు విప్పుతుంటే, వెనక స్కూటర్ స్టార్టయిన చప్పుడు వినిపించింది.