మెట్లెక్కి కుడివైపు

పోయిన వారం పన్ను సలుపుతుంటే, ఐర్లండులోని మా నేవన్ ఊళ్ళో ఇండియన్ కొట్టు పైనున్న డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను. మెట్లెక్కాక ఎడమవైపు తిరగాల్సిన కాళ్ళు నన్నడగకుండానే కుడివైపు తిరిగాయి. తలుపు తీస్తే, గోళ్ళకు రంగులు వేసే అమ్మాయి తలెత్తి, అపాయింట్‌మెంట్ ఉందా అనడిగింది. ఒకప్పుడు ఉండేదమ్మా, ప్రతి బుధవారం మధ్యాహ్నం, అనబోయి సారీ చెప్పి బయటికొచ్చాను. ముప్పైల్లోనే జ్ఞాపకాలేమిటని నవ్వకండి. ముసలివాళ్ళను చూసుకునే కేరర్ వీసా మీద ఈ దేశంలో దిగినవాళ్ళకు మొదటి కొన్నేళ్ళలోనే ఒక ముసలితనం గడిచిపోతుందని మీకూ తెలుసు.

అప్పుడు ఆ తలుపు వెనక పేకాట గది ఉండేది. పేకాట అనగానే మనవాళ్ళకు పొలాలమ్ముకున్న బాబాయిలు గుర్తొస్తారు కానీ, అక్కడున్నవి ఆకుపచ్చ బట్ట పరిచిన రెండు బల్లలు, ఎప్పుడూ కుతకుతలాడే కెటిల్, బిస్కెట్ల డబ్బా, కీళ్ళనొప్పుల గురించి మాట్లాడుకునే పెన్షనర్లు. సినిమా టికెట్టుకయ్యేంత కట్టి కూర్చోవాలి, అది పోతే లేచి టీ పెట్టుకోవాలి, అంతకుమించి జేబులో చెయ్యి పెట్టడానికి వీల్లేదని ముక్కలు పంచే రిటైర్డు బస్సు డ్రైవరు శాసనం. అంత క్రమశిక్షణ నేను పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోంలో కూడా ఉండేది కాదు. ఒక వానరోజు కింద కొట్లో కందిపప్పు కొనుక్కుని వస్తూ, మెట్ల దగ్గర ఆయాసపడుతున్న ఒక ముసలావిడ సంచీ పైకి మోసిపెట్టాను. పోకరుకు ఒక మనిషి తక్కువైందని ఆవిడ నన్నే కూర్చోబెట్టింది. సంచీలో అల్లిక ఊలు తప్ప ఏమీ లేదని తర్వాత తెలిసింది.

వేసవి సెలవుల్లో పిన్నులతో రమ్మీ ఆడి పెరిగిన చెయ్యి నాది. పదమూడు ముక్కలు సర్దడం అలవాటైన చేతికి పోకరులో రెండే ఇస్తారు, అయినా అది ఊరుకోదు, పెద్ద ముక్క పడితే చాలు, ఎడమకు జరుపుకుని, విసనకర్రలా విప్పి, మళ్ళీ సర్దుకునేది. నేను పందెం పెంచగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా మర్యాదగా ముక్కలు కింద పడేసి ఆట వదులుకుంటుంటే, ఐర్లండు వాళ్ళెంత మంచివాళ్ళో అనుకునేదాన్ని. చివరికి ముసలావిడే జాలిపడి చెప్పింది: “చేతుల మీద కూర్చో, చిట్టితల్లీ. నీకేమొచ్చిందో నీ వేళ్ళు ఊరంతా చాటుతున్నాయి.” ఆ తర్వాత ముఖంలో కూడా ఏమీ కనబడనివ్వకపోవడం నేర్చుకున్నాను. వారమంతా డ్యూటీలో నవ్వాలి, నేనుండే అక్కా బావల ఇంట్లో నవ్వాలి, వీడియో కాల్‌లో ఇంకొంచెం వెడల్పుగా నవ్వాలి. అక్కడ మాత్రం నవ్వకపోతే మెచ్చుకునేవాళ్ళు.

నాకు ఇంకో ప్రాణం ఆదివారం ఉండేది. అద్దె హాల్లో జరిగే మా తెలుగు క్రైస్తవ సహవాసంలో చిన్నపిల్లల సండే స్కూలు నాది. ఇంట్లో తెలుగులో ఏమడిగినా “ఐ యామ్ గ్రాండ్”, అంటే బానే ఉన్నాను, అనే పిల్లలు, నా దగ్గర తెలుగు పాటలు నేవన్ యాసలో గొంతు చించుకుని పాడేవాళ్ళు. ఆ గంట కోసం నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చేదాన్ని.

ఒక బుధవారం, కరివేపాకు కోసం కొట్టుకొచ్చిన సహవాసం ఆంటీ నేను మెట్లు దిగుతుండగా చూసింది. ప్రశ్నా జవాబూ రెండూ తనే చెప్పుకోవడం ఆవిడ అలవాటు కనుక, “పళ్ళకా అమ్మా? పాపం, చిన్న వయసులోనే” అని వెళ్ళిపోయింది. ఆ ఆదివారం ప్రార్థన మనవుల్లో ఒకరి వర్క్ పర్మిట్టుకూ ఇంకొకరి ప్రసవానికీ మధ్య నా పళ్ళు వచ్చాయి. అందరూ కళ్ళు మూసుకుని నా చిగుళ్ళ కోసం కన్నీళ్ళతో వేడుకున్నారు. మళ్ళీ వారం కూడా అంతే. ఆ పై వారం ఆంటీ ఉపవాస ప్రార్థన ప్రకటించబోయింది. బాగున్న పళ్ళు నావైతే తిండి మానేది వాళ్ళా? లేచి నిలబడ్డాను.

“ఆంటీ, నా పళ్ళు దివ్యంగా ఉన్నాయి. డెంటిస్టు ఎడమవైపు. నేను వెళ్ళేది కుడివైపు, పేకాటకి.”

సహవాసం పెద్దలు కూర్చుని తీర్మానించారు: వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడి పశ్చాత్తాప సాక్ష్యం చెప్పాలి, లేకపోతే పిల్లల క్లాసు వదులుకోవాలి. ఆ పెద్దల్లో ఒకరైన మా బావ ఇంటికొచ్చి బతిమాలాడు. “మానేశానని ఒక్క మాట చెప్పి కూర్చో అమ్మాయ్, ఎవుడు చూడొచ్చాడు?”

“దేవుడు చూస్తాడుగా బావా” అన్నాను.

ఆ వారమంతా పిల్లల గొంతులే చెవుల్లో మోగాయి, ఒప్పేసుకుందామని కూడా అనుకున్నాను. కానీ సాక్ష్యానికి నిలబడ్డాక, నోటికొచ్చింది వేరు. ఇక్కడ జీతమెంతని అడుగుతారు, పెళ్ళెప్పుడని అడుగుతారు, పీఆర్ వచ్చిందా అని అడుగుతారు. ఆ పేకాట గదిలో ఆడతావా, వదిలేస్తావా అని మాత్రమే అడుగుతారు, అందుకు దేవునికి స్తోత్రం, నేను ఆడతాను, అని చెప్పి కూర్చున్నాను. అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు ఆమెన్ అన్నారు, తర్వాత నాలిక కరుచుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో బావ రోడ్డునే చూస్తుంటే, వెనక సీట్లో అక్క నా మోచెయ్యి గిల్లి, “నీ పళ్ళ కోసం నేను నిజంగానే ఏడ్చానే, దొంగదానా” అంది. క్లాసు పోయింది. పిల్లల పాటలు గోడ ఇవతల కూర్చుని వినడం నేర్చుకున్నాను.

కొన్నాళ్ళకు లీజు అయిపోయి ఆ గదీ మూతపడింది. వెంటనే బావ శుభవార్త మోసుకొచ్చాడు, అలవాటు దానంతటదే పోయింది కనుక క్లాసు తిరిగి ఇస్తారట, ఎవరూ పాత మాటలు ఎత్తరట. మూతపడింది గది, నేను కాదు, రేపు ఎక్కడైనా ఒక బల్ల వేస్తే ముందు కుర్చీ నాదే, అలాగే ఇస్తామంటే ఇమ్మను, అన్నాను. అలాగైతే కుదరదన్నారు.

ఇప్పుడు పేకాట అందరి జేబుల్లోనూ ఉంది, ఫోన్లో, దానికెవరూ సాక్ష్యం అడగరు. నేనూ ఒకసారి ఆడి చూశాను, ముక్కలున్నాయి, పందేలున్నాయి, మనుషులు లేరు. ఆ గదిలో ఆ ముసలావిడ అల్లిక పక్కన పెట్టి, నా మనసులో ఏముందో కనిపెట్టాలని అంతసేపు నా ముఖంలోకి చూసేది. ఆ తర్వాత నన్నెవరూ అంత శ్రద్ధగా చూసినట్టు గుర్తు లేదు.